పర్మినెంట్ అయ్యేదాకా

మా ల్యాబ్‌లో చేరిన మొదటి రోజే ఒక మాట నేర్పుతారు: రాయనిది జరగనట్టే. తూచిన బరువు, తూచిన సమయం, తూచిన మనిషి సంతకం ఉండాలి. మూడింట్లో ఒకటి లేకపోయినా ఆ పని చేయలేదనే లెక్క. నేను జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో నాణ్యత పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. మాత్రలో ఉండాల్సింది ఉందా, ఉండకూడనిది ఎంత ఉంది, రోజంతా ఇవే చూస్తాను. మిల్లీగ్రాములో పదోవంతు తేడా వచ్చి, ఎందుకొచ్చిందో తేలకపోతే ఆ పూట నాకు అన్నం సయించదు.

అలాంటివాడికి, ఆరేండ్లపాటు సొంత తల్లి ఏం తింటోందో తెలియలేదు. ఒకే ఇంట్లో ఉన్నాం. ఒకే పొయ్యి మీద వండింది అందరం తింటున్నామనుకున్నాను.

మా ఇల్లు శామీర్‌పేట దాటి, కరీంనగర్ రోడ్డు దిగి లోపలికి వెళితే వచ్చే ఊళ్లో ఉంది. నాయిన శామీర్‌పేటకూ తూంకుంటకూ మధ్య షేర్ ఆటో నడుపుతాడు. అంతకుముందు ఆయన కూడా జీడిమెట్లలోనే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పదకొండేండ్లు చేశాడు. ఒక సోమవారం పొద్దున గేటు దగ్గర ఆపి, లిస్టులో నీ పేరు లేదన్నారు. ఎందుకు లేదని అడిగితే, నువ్వు పర్మినెంట్ కాదు కదా అన్నారు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఆ మాట మా ఇంట్లోకి అలా వచ్చింది, మళ్లీ పోలేదు. చుట్టాల్లో ఎవరికైనా ఉద్యోగం వచ్చిందంటే అమ్మ అడిగే మొదటి ప్రశ్న జీతం గురించి కాదు.

ఫార్మసీ చదువు ముగిశాక ఏడాది పైన ఖాళీగా ఉన్నాను. తర్వాత మొదటి ఉద్యోగం దొరికింది. స్వీట్ల డబ్బాతో ఇంటికి వస్తే అమ్మ డబ్బా అందుకోకుండానే అడిగింది.

"పర్మినెంటేనా?"

"ట్రైనీ అమ్మా. ఏడాది చూసి ప్రొబేషన్ మీద తీసుకుంటరు."

"ప్రొబేషన్ అంటే ఏంది?"

"ఇంక ఆరు నెలలు చూస్తరు."

"గన్ని దినాలు చూసుడేంది, పిల్లను చూసినట్టు?"

నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అలవాటు. అవుననో కాదనో తేల్చి చెప్పగలిగినప్పుడు మధ్యలో ఇంకో మాట ఎందుకు? ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి ఆమె అదే అడగడం, నేను అంతే కచ్చితంగా చెప్పడం. ఇంక కాలే. ప్రొబేషన్ పొడిగించిన్రు. ఇంక కాలే.

మా రంగంలో ఒక పద్ధతి ఉంది. ఒక కంపెనీలో రెండేండ్లు చేయడం, ఇంకో కంపెనీకి మారడం. అందరూ అదే చేస్తారు, నేనూ చేశాను. మారిన ప్రతిసారీ ప్రొబేషన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. రెండో కంపెనీలో ప్రొబేషన్ పొడిగించీ పొడిగించీ, చివరికి పర్మినెంట్ చేస్తూ మెయిల్ వచ్చిన వారమే మూడో కంపెనీలో ఇంటర్వ్యూ పూర్తయింది. ఆ వారం అమ్మ అడిగితే, "ఇగ అక్కడ ఏముందమ్మా, వేరే దాంట్ల చేరుతున్న, అండ్ల ఆరు నెలలు ప్రొబేషన్" అన్నాను. మెయిల్ సంగతి చెప్పలేదు. చెప్పేంత విషయం అనిపించలేదు.

నిరుడు ఎండాకాలంలో అమ్మ అరికాళ్లకు తిమ్మిరి మొదలైంది. చీమలు పారినట్టు అవుతోందంది. తర్వాత నాలుక మండుతోందని మామిడికాయ తొక్కు మానేసింది. నాలుక చూపించమంటే ఎర్రగా, నున్నగా ఉంది. చాయ్‌లో పాలు పోసుకోవడం అంతకు చాలా ముందే మానేసింది. అడిగితే గ్యాస్ అంది, నేను నమ్మాను. వానాకాలానికి మరుపు వచ్చింది. గిన్నె పెట్టకుండా స్టవ్ వెలిగించి నిలబడేది. టీవీ సీరియల్లో అత్తలను గట్టిగా తిట్టి మురిసిపోయే మనిషి, రిమోట్ ముట్టుకోవడం మానేసింది. మా వెనక కొత్త వెంచర్లో ఇల్లు కడుతున్నవాళ్లు గోడ మీంచి తననే చూస్తున్నారంది. నాయిన తన దగ్గర ఏదో దాస్తున్నాడంది. ఒకరోజు బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా, "నేనుండి ఏం లాభం" అంది. ఏడుస్తూ అని ఉంటే నేను అంత భయపడేవాణ్ని కాదేమో. ఉప్పు అయిపోయింది, తెమ్మని చెప్పినట్టు చెప్పింది.

మేడ్చల్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దిగులుకు మాత్రలు రాశాడు. ఒక నెల చూసి, ఈలోపు ఆమె ఏం తింటోందో గమనించమన్నాడు. గమనించమంటే నాకు ఒకటే అర్థం. రెండు వందల పేజీల నోట్‌బుక్ కొన్నాను. గీతలు కొట్టాను: తేదీ, పూట, తిన్నది, ఎంత, నిద్ర, మనసు. మనసుకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. పొద్దున, రాత్రి ఆమె ఎప్పట్లాగే మేం తిన్నాక తినేది, అడిగి రాసుకునేవాణ్ని. మధ్యాహ్నం నేను ఇంట్లో ఉండను కాబట్టి ఒంటి గంటకు క్యాంటీన్ నుంచి ఫోన్ చేసేవాణ్ని.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా?"

"నేను తింటున్న. నువ్వేం తిన్నవ్?"

"బువ్వ."

"బువ్వల?"

"పప్పు."

"పెరుగు ఏసుకున్నవా?"

"ఆ."

"గుడ్డు?"

"ఆ."

"ఆ అంటే తిన్నట్టా, విన్నట్టా?"

"తిన్నట్టే అయ్యా. గింతగనం రాసుకొని ఏం జేస్తవు, పరీక్ష పెడ్తవా నాకు?"

ఆమె ఆ అనేది, నేను ఒకటి అని రాసేవాణ్ని. గుడ్డు: ఒకటి. పెరుగు: ఒక గిన్నె. నలభై రోజులు రాశాను. మా దిక్కు తిన్నవా అనే మాట పలకరింపు. బస్సులో కనిపించినవాణ్నీ అడుగుతాం, చావు ఇంటి ముందు కూర్చున్నవాణ్నీ అడుగుతాం. ఎవరైనా తిన్ననే అంటారు. కడుపు కాలుతున్నా తినలేదని చెప్పడం ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడమే అనుకుంటారు. అందులో పుట్టి పెరిగినవాణ్ని, నాకు తెలియనిది కాదు. అయినా గీతలు కొట్టిన కాగితం ముందుంటే ఆ మాట నాకు జవాబులా వినిపించింది.

మాత్రలతో పెద్దగా మార్పు రాలేదు. డాక్టర్ నోట్‌బుక్ తిరగేసి, ఇంత బాగా ఎవరూ రాసి తేరని మెచ్చుకున్నాడు. కాళ్ల తిమ్మిరి సంగతి మళ్లీ అడిగి రక్తపరీక్షలు రాశాడు. రిపోర్టులో బి పన్నెండు విటమిన్ ఉండాల్సిన కనీసం కంటే బాగా కింద ఉంది. ఎర్ర రక్తకణాలు ఉబ్బి ఉన్నాయి.

"మీరు రాసిందే నిజమైతే ఈ రిపోర్టు రావద్దు" అన్నాడాయన.

మా దగ్గర ఒక ఫలితం హద్దు దాటితే ముందు పరీక్షను అనుమానిస్తాం. నేనూ అదే చేశాను. రక్తం ఇంకో చోట ఇప్పించాను. అదే వచ్చింది. ఇక అనుమానించడానికి మిగిలింది నా నోట్‌బుక్ ఒక్కటే. చూడకుండా రాయడం మా పనిలో అన్నిటికంటే పెద్ద తప్పు. దానికి ఉద్యోగాలు పోతాయి.

పక్కింటి ఖాలా ముందు గదిలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకుంది. మేం గుడ్లు కొనేది ఆమె దగ్గరే. నేను పుట్టకముందు నుంచి అమ్మకు స్నేహితురాలు. వెళ్లి అడిగాను.

"ఖాలా, అమ్మ రోజూ గుడ్లు కొంటదా?"

"కొంటది. రెండు. ఒకటి నీ టిఫిన్ డబ్బల, ఒకటి మీ నాయిన పళ్లెంల. మూడోది కొనంగ నేను చూడలే."

"మరి ఆమె?"

ఖాలా గుడ్ల ట్రే మీద బట్ట కప్పి నా వైపు తిరిగింది. "మస్తు చదివినవు గద బేటా. మీ అమ్మ నా చేతి గోష్ తిని ఎన్నేండ్లాయెనో చెప్పు."

"మొన్న బక్రీద్‌కు పంపినవు. గిన్నె కడిగి పంపింది కదా."

"గిన్నె ఖాళీ చేసింది ఎవరు?"

నేనే. రెండు పూటలు తిన్నాను.

"ఎల్లమ్మకు మొక్కింది" అంది ఖాలా. "నువ్వు నౌకరి లేక ఇంట్ల కూసున్నప్పుడు. నీకు పర్మినెంట్ అయ్యేదాక నీసు ముట్టనని. మాంసం లేదు, చాపలు లేవు, గుడ్డు లేదు. నువ్వు మొదటి కంపెనీ మారినవు సూడు, అప్పుడు పాలు పెరుగు సుత బంద్ జేసింది. అమ్మవారికి సాల్తలేదనుకుంది. ఇంకోటి మారినవు. అప్పటి సంది సోమారం, శనారం ఒక్కపొద్దు."

"నాకు ఎందుకు చెప్పలే?"

"చెప్తే ఫలం పోతదంట. నాకు సుత చెప్పలే, నేనే పట్టుకున్న. ఎవ్వరికి చెప్పనని కసం తీసుకుంది."

"మరి చెప్పినవు."

"మనిషే పోతాంది. కసం ఏం జేసుకోను?"

ఇంటికి నడిచి వచ్చేసరికి నా తలలో ఒక పట్టిక తయారైంది. ఎడమ వైపు నేను మారిన కంపెనీలు, కుడి వైపు ఆమె మానేసినవి. మొక్కు సంగతి తెలుసా అని నాయినను అడిగాను. "నీసు తింటలేదని ఎరికే. ఆడోళ్ల మొక్కులు మనమెట్ల అడుగుతం" అన్నాడు.

ఆ విటమిన్ కూరగాయల్లో, పప్పుల్లో ఉండదు. ఒంట్లో కొంత నిల్వ ఉంటుంది, అది కొన్నేండ్లు వస్తుంది, తర్వాత అయిపోతుంది. అయిపోయాక నరాల మీద ఉండే పొర పాడవుతుంది. కాళ్లతో మొదలై మరుపు, దిగులు, అనుమానం దాకా వెళ్లవచ్చు. డాక్టర్ ఇదంతా చెప్పి, అంతా దీనివల్లే అని మాత్రం తాను సంతకం పెట్టలేనన్నాడు. దిగులు ఉన్నవాళ్లు తినరు, తిననివాళ్లకు దిగులు పెరుగుతుంది, ఏది ముందో ఇప్పుడు తేల్చలేమన్నాడు. సూదులు మొదలుపెట్టాడు. సూదితో ఆ ఒక్క విటమిన్ వస్తుంది కానీ మనిషి సగమైంది, తిండి తినాల్సిందే, అది మీ పని అన్నాడు.

మొదటి సూదికే అమ్మ అడిగింది. "మందుల నీసు ఉంటదా?"

"లేదమ్మా. దీన్ని సూక్ష్మజీవులతోని తయారుచేస్తరు. నాకు ఎరికే."

"నువ్వు కంపెనీ మనిషివి. గట్లనే అంటవు."

అయినా వేయించుకుంది. మొక్కు సంగతి నాకు తెలుసని అప్పుడే చెప్పాను. ఆమె కోప్పడలేదు. ఖాలాను ఒక్క మాట అనలేదు. రెండో కంపెనీ మెయిల్ ఫోన్‌లో వెతికి చూపించాను. ఇదిగో, ఇక్కడ పర్మినెంట్ చేశారు, నీ మొక్కు అప్పుడే తీరింది, నాకు తెలియక చెప్పలేదు అన్నాను. ఆ రోజుల్లో ఒక మాటకు ఇంకో మాట దొరకడానికి ఆమెకు సమయం పట్టేది.

"ఇడిసిపెట్టి వచ్చినదాన్ని పర్మినెంట్ అని ఎట్లంటరు?"

ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

మూడో కంపెనీలో ప్రొబేషన్ అయిపోవడానికి ఇంకా మూడు నెలలు ఉంది. మూడు నెలలు ఆగవచ్చు. కానీ ఆ వారం ఆమె బరువు చూశాను. కంపెనీ ఉత్తరాల నమూనా నా దగ్గర ఉంది. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని, పేరు, తేదీ మార్చి, పర్మినెంట్ చేస్తున్నట్టు ఉత్తరం టైపు చేశాను. మేడ్చల్ వెళ్లి మందపాటి కాగితం మీద ప్రింటు తీయించాను. కింద సంతకం కూడా నేనే పెట్టాను. బతుకులో నేను చూడకుండా రాసినవి అప్పటికే నలభై రోజులవి ఉన్నాయి. ఇది తెలిసి రాసింది.

ఉత్తరం చదివి తెలుగులో చెప్పాను. అమ్మ ముఖంలో చాలా నెలల తర్వాత ఏదో కదిలింది. మర్నాడు ఆదివారం. ఆమె తలస్నానం చేసింది. ఖాలా పొద్దున్నే మేక కార్జం తెప్పించి, మిరియాలు వేసి వండి, మూత పెట్టి పట్టుకొచ్చింది. డాక్టర్ తినమన్నవాటిలో అది మొదటిది. అమ్మ ఎల్లమ్మ పటం ముందు కొంచెం పెట్టి, దండం పెట్టుకుని, పీట మీద కూర్చుంది. ఖాలా ఎదురుగా కూర్చుంది.

"ఆరేండ్ల ఆకలి. నా వేళ్లు సుత తింటవేమో, జర చూసుకో" అంది ఖాలా.

అమ్మ నవ్వింది. అన్నంలో కలిపింది. ముద్ద చేసింది.

నాయిన గోడకు ఆనుకుని నా ఉత్తరం పట్టుకున్నాడు. ఇంగ్లీషు రాదు. అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూశాడు. ఆయన కండ్లలో నీళ్లున్నాయి.

"గీ కాయితం మీద ముద్ర లేదేందిరా? మా ఫ్యాక్టరీల పర్మినెంటోళ్లకు గుండ్రటి ముద్ర కొట్టి ఇస్తుండె. ఎన్నిసార్లు చూసిన్నో."

ఇప్పుడు ముద్రలు వేయరు నాయినా, అని నేను చెప్పాను. చెప్పాను కానీ ఒక్క క్షణం ఆలస్యంగా చెప్పాను. అమ్మ చెయ్యి ఆగింది.

"నా దిక్కు చూసి చెప్పు."

నేను పళ్లెం వైపు చూశాను.

ఆమె ముద్దను పళ్లెంలో వదిలేసి, చెంబు తీసుకుని, అందులోనే చెయ్యి కడుక్కుంది. కార్జం మీద నీళ్లు నిలిచాయి. నాయినకు ఏం జరిగిందో అర్థం కాక, నేనేమన్న తప్పు మాట్లాడిన్నా అని అందరి వైపూ చూశాడు.

"అమ్మవారి ముందట పెట్టినం గద" అంది అమ్మ. అంతే అంది. ఆ వారం నుంచి గురువారం కూడా ఒక్కపొద్దు పట్టింది. నా అబద్ధానికి అది.

మూడు నెలలు గడిచాక అసలు ఉత్తరం మెయిల్‌లో వచ్చింది. ప్రింటు తీసుకుని హెచ్‌ఆర్ మేడం దగ్గరికి వెళ్లి ముద్ర కావాలన్నాను. ఈ రోజుల్లో ఎవరడుగుతున్నారని ఆమె నవ్వి, సొరుగులన్నీ వెతికి, కంపెనీ ముద్ర తీసి కొట్టింది. గుండ్రటిదే. సిరా కొంచెం పాకింది. అది ఆరేదాకా నిలబడి, ఫైల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చాను.

అమ్మ ఆ ముద్రను బొటనవేలితో రుద్ది చూసింది.

"ముద్ర కొట్టిచ్చుకొచ్చినవా?"

"ఇది నిజంది అమ్మా."

"ఉండొచ్చు. నేను కాదంటలేను."

"మరి తిను."

"సూద్దాం."

"ఇంక ఎన్ని రోజులు చూస్తవు?"

ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "మీ నాయిన పదకొండేండ్లు చేసిండు. మేమందరం పర్మినెంటే అనుకున్నం. పన్నెండో ఏడు సూద్దాం బిడ్డా."

కోపంగా అనలేదు. నన్ను శిక్షించడానికీ అనలేదు. ఆలోచించి, తనకు తేలింది చెప్పింది. పాలు పెరుగైనా తినమని ఖాలా బతిమాలింది, డాక్టర్ గద్దించాడు, నాయిన రెండు రోజులు ఆటో తీయకుండా కూర్చున్నాడు. అందరికీ సరే అంటుంది. అన్నం, పచ్చిపులుసు, నల్ల చాయ్. బలానికి ఇచ్చిన పొడిని నీళ్లలో కలిపి ఇస్తే, డబ్బా మీద పాలు పోస్తున్న బొమ్మ చూసి పక్కన పెట్టింది.

మా ల్యాబ్‌లో ఇనుప బీరువాల్లాంటి గదులున్నాయి. వేడి, తేమ ఒక లెక్కలో ఉంచి మాత్రలను అందులో పెడతాం. ఒక మందు రెండేండ్లు చెడిపోకుండా ఉంటుందని చెప్పాలంటే అసలైన దారి ఒకటే, రెండేండ్లు ఆగి చూడడం. తొందరగా అంచనా కట్టడానికి వేడి పెంచి చూస్తాం. అది అంచనా మాత్రమే. అమ్మ అడుగుతున్నది ఇదే. తప్పని ఎలా అనను?

సూదులు నెలకొకటి నడుస్తున్నాయి. మొన్నటి రిపోర్టులో విటమిన్ హద్దుల లోపల ఉంది. ఆ కాగితం మా ల్యాబ్‌లోకి వస్తే ఫైలు మూసేసే కాగితం. కాళ్ల తిమ్మిరి ఇక పోదని డాక్టర్ చెప్పాడు. పొర కాలిన తీగకు మళ్లీ పొర తొడగడం మన చేతుల్లో ఉండదన్నాడు. మనసు సంగతి అడిగితే, ఎంత తిరిగి వస్తే అంత అన్నాడు. గోడ మీంచి ఎవరో చూస్తున్నారనడం తగ్గింది. టీవీ మాత్రం పెట్టడం లేదు. నేనుండి ఏం లాభం అనే మాట మళ్లీ అనలేదు. మానేసిందో, లోపల అంటోందో నేను కొలవలేను.

నేను వేరే కంపెనీలకు అప్లై చేయడం మానేశాను. తోటివాళ్లు అడిగితే ఇక్కడ బాగుందంటాను. ఒంటి గంటకు ఇప్పటికీ ఫోన్ చేస్తాను.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు తిన్నవా?"

నా డబ్బాలో గుడ్డు ఉంటుంది, చిన్న గిన్నెలో పెరుగు ఉంటుంది. మొదట్లో వద్దని వెనక్కి తెచ్చాను. తెచ్చిన రోజు రెండో పూట అన్నం కూడా మానేసింది. అందుకని తింటాను.

"తిన్న" అంటాను.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ఏమీ రాయను. ఉత్తరం వచ్చి ఏడో నెల నడుస్తోంది.